సరిచూసినవారు

"పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్?" అని అడిగాడు ఆండ్రూ, స్నానాల గదిలోంచి తల బయటికి పెట్టి.

ఇవాంజెలిన్ అప్పుడు రెండు టిఫిన్ డబ్బాలు సర్దుతోంది. పెద్ద డబ్బా అతనిది, చిన్నది తనది. అతని డబ్బాలో కోడిగుడ్డు కూర అడుగున వేసి పైన అన్నం పెట్టాలి. లేకపోతే కూర మూతకు అంటుకుంటుంది, అలా అంటుకుంటే అతనికి నచ్చదు. తన డబ్బాలో ఏది కింద ఉందో, ఏది పైన ఉందో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు.

"మా అమ్మ పేరు. పక్కన ఒకటి," అంది.

"మీ అమ్మ పేరా?" అతను సబ్బు నురగతోనే నవ్వాడు. "దీవెనమ్మ అని కొడితే దునియాల ఉన్న ఎయిర్‌పోర్టులన్నీ తెరుచుకుంటయన్నట్టు. మస్తుంది."

ఆమె కూడా నవ్వాల్సిన చోటది. పెళ్లయిన కొత్తలో అయితే నవ్వేది. ఈమధ్య నవ్వు రావాల్సిన చోట నవ్వు రావడం లేదు, ఏడుపు రావాల్సిన చోట ఏడుపూ రావడం లేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా మనది కానట్టే ఉంటుంది, అలా ఉంది ఆమె లోపల. మూత పెట్టి బిగించింది. బయట వరండాలో కూరగాయలు తరుగుతున్న అత్తగారు రాజమ్మ, "చాయ్ అయిందా లేదా ఇవాంజీ?" అని అరిచింది.

"ఏంటండీ?" అంది ఇవాంజెలిన్, వినపడక.

"ఏంటి, ఏంటి! రెండేండ్లాయె వచ్చి. ఇంక సుత ఏంది అనొస్తలేదు నీకు," అంది రాజమ్మ. ఇది ఆవిడ రోజూ అనే మాటే. బాపట్ల పిల్లను చేసుకున్నందుకు ఆ మాత్రం సరదా ఉండాలని ఆవిడ ఉద్దేశం.

అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు గోడలు పట్టకుండా కరెంటు స్తంభాల మీదికి కూడా ఎగబాకిన రోజులవి. ఏ సందులోకి తిరిగినా చేతిలో ఫైలు పట్టుకున్న పిల్లలే. భార్యాభర్తలిద్దరూ పంజాగుట్టలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ఏం పని అని చర్చిలో ఎవరైనా అడిగితే ఆండ్రూ "విమానాల లైన్" అంటాడు. విన్నవాళ్లు ఇద్దరూ విమానాల్లో తిరుగుతారనుకుంటారు. నిజానికి ఆ ఆఫీసులో ఎవరూ విమానం ఎక్కలేదు. బేగంపేటలో దిగే విమానాలు వాళ్ల మేడ మీదుగానే పోతాయి కాబట్టి పొట్టలు మాత్రం చూశారు.

పైలట్ ముందు ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. ఏ ఊళ్లో రన్‌వే ఎటు తిరిగి ఉంది, ఏ కొండ దగ్గర ఎంత ఎత్తుకు తగ్గకూడదు, ఆకాశంలో ఏ చోట మలుపు తిరగాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆకాశంలోని ఆ చోట్లకు అయిదేసి అక్షరాల పేర్లుంటాయి. పలకడానికి వీలుగా ఉంటాయి గానీ ఏ భాషలోనూ వాటికి అర్థం ఉండదు. ప్రతి ఇరవై ఎనిమిది రోజులకీ అన్ని దేశాల నుంచీ మార్పుల కాగితాలు వస్తాయి. వాటిని చూసి ఒకరు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. సాఫ్ట్‌వేర్ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, అనుమానం వచ్చిన చోటల్లా పసుపు గీత గీస్తుంది. అప్పుడు ఇంకొకరు కూర్చుని, అసలు కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె సరిచూడాలి. ఎక్కించినవాళ్లే సరిచూడకూడదు. ఆ పనికి ప్రాణం ఆ నియమమే. తప్పు చేసిన కన్నుకు ఆ తప్పు కనపడదు కాబట్టి రెండో జత కళ్లు కావాలి. ప్రతి రికార్డు కిందా రెండు గళ్లుంటాయి. ఎక్కించినవారు, సరిచూసినవారు. రెండింట్లో ఒకే పేరు పడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.

ఇంట్లో కూడా ఈ నియమం చక్కగా నడుస్తోందని ఇవాంజెలిన్‌కు ఒకసారి అనిపించింది. చేసేది ఆమె. సరిచూసేది వేరేవాళ్లు. పప్పులో ఉప్పు మామగారు యేసురత్నం చూస్తారు. గిన్నెల అడుగులు రాజమ్మ చూస్తుంది. చొక్కా కాలరు ఆండ్రూ చూస్తాడు. ఆమె చేసినదాన్ని ముగ్గురు చూడటానికి ఉన్నారు. వాళ్లు చేసినదాన్ని చూడమని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ ఆఫీసులో ముందు చేరింది ఆమే. బీయెస్సీ లెక్కలు చదివి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి, అమీర్‌పేటలో కోర్సు చేసి, మూడు ఇంటర్వ్యూల్లో నోరు పెగలక వెనక్కి వచ్చి, నాలుగో దాంట్లో ఇక్కడ కుదిరింది. ఇక్కడ మాట్లాడక్కర్లేదు, చూస్తే చాలు. పెళ్లయిన ఏడాదికి ఆండ్రూ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ మూతపడితే, మేనేజర్ వంశీధర్ దగ్గరికి వెళ్లి, రెండుసార్లు తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చి, మూడోసారి నోరు విప్పి అడిగింది. అతన్ని తీసుకున్నారు. అతని చేతికి వేగం ఎక్కువ, నోటికి ఇంకా ఎక్కువ. ఏడాది తిరక్కుండానే టీమ్ లీడ్ చేస్తారన్న మాట వచ్చింది. ఈలోగా చర్చి ఆడవాళ్లతో రాజమ్మ, "మావోడే ఇప్పిచ్చిండు ఆమెకు సుత నౌకరీ," అని చెప్పడం ఇవాంజెలిన్ వింది. పక్కనే నిలబడి టీ గ్లాసులు అందిస్తూ వింది. సరిదిద్దలేదు. ఏ కాగితం చూపించి సరిదిద్దుతుంది?

మొదటిసారి ఆమె పేరుతో అతను సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది ఆమె భోజనానికి లేచినప్పుడు. తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలో కూర్చుని, తను ఎక్కించిన వాటిని తనే టకటకా ఒప్పేస్తున్నాడు.

"అదేంటండీ, అలా చేయకూడదు కదా," అంది మెల్లగా.

"నువ్వు ఒక్కోదానికి అరగంట కూసుంటవ్. నా కౌంట్ పడిపోతది. నువ్వు, నేను వేరే వేరేనా? పాస్టరుగారు ఏమన్నడు పెండ్లిల? ఇగ మీరు ఇద్దరు కాదు, ఒక్కరే అన్నడా లేదా?"

అన్నారు. ఆమె తల వంచుకుని విన్నది కూడా. పాస్టరుగారు అన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదని చెప్పాలనుకుంది గానీ అది హాస్యంలా వినిపిస్తుందేమోనని ఊరుకుంది. నెలనెలా పాస్‌వర్డ్ మార్చమంటుంది సాఫ్ట్‌వేర్. నెలనెలా అతను అడుగుతాడు. నెలనెలా ఆమె చెబుతుంది. అది కూడా ఉప్పూ పప్పూ లాంటి ఇంటి పనైపోయింది.

ఆవేళ బండి మీద అమీర్‌పేట కూడలి దాటి, పంజాగుట్ట వైపు తిరిగాక, ఫ్లైఓవర్ కోసం తవ్విన గుంతల దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన సిటీ బస్సు పొగ వదులుతోంది. ఆండ్రూ హెల్మెట్ అద్దం పైకెత్తి, వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"పదకొండింటికి మంజూష మేడమ్ పిలుస్తది. ఇద్దర్ని."

మంజూష క్వాలిటీ చూసే ఆవిడ. సరిచూసినవాటిలోంచి కొన్ని తీసి మళ్లీ చూడటం ఆవిడ పని.

"ఎందుకు?"

"ఒక రికార్డు దొరికింది. కొండల నడుమ ఎయిర్‌పోర్టు. ఎనిమిది వేల ఆరు వందలుండాలె, ఆరు వేల ఎనిమిది వందలు కొట్టిన. అంకెలు అటిటు అయినయ్. గంతే. బయటికి పోలే, ఫికర్ లేదు."

ఆమె మనసులో లెక్క వేసుకుంది. పద్దెనిమిది వందల అడుగులు. మబ్బులో ఏమీ కనపడనప్పుడు పైలట్ ఆ అంకెనే నమ్ముతాడు. అక్కడ కొండ ఉంటుంది.

"పసుపు గీత రాలేదా?"

"వచ్చింది. కారణం రాయమన్నది. కాగితంల ఉన్నట్టే అని రాసి ఒప్పేసిన. నీ ఐడీ మీద." బస్సు హారన్ కొట్టింది. అతను బండిని రెండడుగులు ముందుకు జరిపాడు. "ఇప్పుడు గదే చెప్పాలె. నువ్వే చూసినవ్, పొరపాటయింది అను. నిన్ను ఏమనరు. ఒక వార్నింగ్ ఇస్తరు, అయిపాయె. ఎక్కించినోడు తప్పు చేస్తడు, అందుకే కదా చూసేటోళ్లు ఉండేది. నాకు లీడ్ లిస్టు ఈ వారంలనే ఉంది ఎవా. నీ పాస్‌వర్డ్ నా దగ్గరుందని తెలిస్తే ఇద్దరి నౌకరీలు పోతయ్."

"ఎప్పటి రికార్డు?"

అతను ముందున్న ఆటో కదిలితే కదిలాడు, ఆగితే ఆగాడు.

"గా శుక్రవారంది. నువ్వు దవాఖానల ఉన్నవ్ కదా, గా దినం. ఇరవై ఎనిమిది దినాల సైకిల్ క్లోజింగుండె, చూసేటోళ్లు లేరు. నేనే కూసున్న." తర్వాత గొంతు తగ్గించి, మంచి మాట చెబుతున్నట్టు అన్నాడు. "లీవ్ వేస్టయితదని నీ కార్డు సుత నేనే కొట్టిన. పొద్దున, సాయంత్రం. రికార్డుల నువ్వు ఆఫీసులనే ఉన్నవ్. భయం లేదు. గా రోజు ఆఫీసులనే ఉన్నా అను, చాలు."

బండి కదిలింది. దుమ్ము కళ్లల్లో పడకుండా ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ శుక్రవారం తెల్లవారుతూనే నడుములో నొప్పి మొదలైంది. నాలుగో నెల. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. "లిస్టు వచ్చేదాక చెప్పకు, నిన్ను ప్రాజెక్టుకెళ్లి తీస్తే నాకెవరు చూస్తరు," అన్నాడతను. చర్చిలోనూ చెప్పలేదు. ముందే చాటింపు వేస్తే దిష్టి తగులుతుందని రాజమ్మ అంది. ఎవరికీ తెలియని బిడ్డ. బాత్రూంలో రక్తం చూసి పిలిస్తే ముందు వచ్చింది రాజమ్మే. ఆటోలో ఒళ్లో తల పెట్టుకుని ఎస్.ఆర్. నగర్‌లో నర్సింగ్ హోంకు తీసుకెళ్లింది ఆవిడే, చెప్పాలి. ఆండ్రూ వెనకే బండి మీద వచ్చి, డాక్టరమ్మతో మాట్లాడి, "అర్జెంటు పనుంది, మధ్యాహ్నానికల్ల వస్త," అని వెళ్లాడు. చీకటి పడ్డాక వచ్చాడు. కమలాలు తెచ్చాడు. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆమె దాన్నే చూస్తూ పడుకుంది. నర్సు వచ్చి, ఆడపిల్ల అని, అడగకుండానే చెప్పి వెళ్లింది. రాజమ్మ ఆమె అరికాళ్లు రుద్దుతూ, "ఎవరికి చెప్పకు బిడ్డా, మల్ల అయితరు," అంది. ఆ ఒక్కసారే ఆవిడ బిడ్డా అన్నది.

ఆదివారం చర్చిలో కోడలు రాలేదేమని అడిగితే జ్వరం అని చెప్పారు. సోమవారం ఆమె ఆఫీసుకు వచ్చింది. క్లోజింగ్ అయిపోయింది కాబట్టి పని తక్కువగా ఉంది. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే అన్నం వాసన గుచ్చినట్టు వచ్చింది, మళ్లీ మూత పెట్టేసింది. పక్క సీటు ధాత్రి, "ఏం డైటింగా?" అంది నవ్వుతూ. అవునంది.

ఇంకా పంజాగుట్ట కూడలి రాలేదు. ఇవాంజెలిన్ అతని వీపు వెనక కూర్చుని మెల్లగా, ఒక్కో అంకె సరిచూసినట్టు, ఆలోచించింది. చర్చి లెక్కలో ఆ రోజుల్లో తనకు జ్వరం. ఆఫీసు లెక్కలో ఆ రోజు తను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని ఉంది, ఎన్నో ఊళ్ల కొండల ఎత్తులు సరిచూసింది. ఇంట్లో ఆ మాట ఎత్తరు. బాపట్లలో అమ్మకు, అనవసరంగా కంగారు పడుతుందని, తనే చెప్పలేదు. ఇక ఆ రోజు ఎక్కడ జరిగినట్టు? మంచం మీద పడుకున్నది ఎవరు? ఇవాళ ఆ గదిలోకి వెళ్లి ఆఫీసులోనే ఉన్నానని తన నోటితో అంటే, మిగిలిన ఒక్క చోటూ నిండిపోతుంది. ఆ పిల్ల పోవడానికి కూడా చోటుండదు.

ఇంత అనుకున్నా ఏడుపు రాలేదు. బండి దిగి, మెట్లెక్కి, కంప్యూటరు తెరిచి, అమ్మ పేరు కొట్టి, పక్కన ఒకటి కొట్టింది. లోపలికి వెళ్లింది. ముందున్న రికార్డు ఏదో సముద్రం పక్క ఊరిది. అందులో తప్పులేవీ లేవు. రెండుసార్లు చూసి ఒప్పుకుంది. నిజం చెబితే ఏమవుతుందో కూడా అంతే చల్లగా చూసుకుంది. ఉద్యోగం పోతుంది. అతనిదీ పోతుంది. ఇంట్లో ఏమంటారో వరసగా తెలుసు, ఏ మాట ఎవరంటారో కూడా తెలుసు. అబద్ధం చెబితే ఏమవుతుంది? ఏమీ అవదు. ఆమెను ఎక్కువ భయపెట్టింది ఆ ఏమీ అవకపోవడమే.

పదకొండింటికి పిలుపొచ్చింది.

చిన్న గది. బల్లకు అటువైపు మంజూష, వంశీధర్. గోడ మీది తెర మీద ఆ రికార్డు పెద్దదిగా పడుతోంది. కింద రెండు గళ్లు. సరిచూసినవారు అన్న చోట ఆమె పేరు ఉంది. తన పేరు అంత పెద్ద అక్షరాల్లో ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కూర్చోండమ్మా," అంది మంజూష. రాజమండ్రి మనిషి, మాట మెత్తగానే ఉంటుంది. "నువ్వు చూసినవాటిలో నాకింతవరకూ తప్పు దొరకలేదు ఇవాంజెలిన్. అందుకే అడుగుతున్నాను. దీనికి పసుపు గీత కూడా వచ్చింది. నువ్వు ఎలా ఒప్పుకున్నావు?"

"గా రోజు ఆమెకు జర తలనొప్పుండె మేడమ్," అన్నాడు ఆండ్రూ. "నేను చెప్పిన సుత, ఇంటికి పొమ్మని. క్లోజింగ్ కదా, ఇనలే. ఈ ఆడవాళ్లు..."

"ఆమెను చెప్పనివ్వవయ్యా."

వంశీధర్ చిన్నగా నవ్వాడు. "ఏముందండీ, మనిషన్నాక పొరపాటు. ఒక మాట రాసిచ్చేస్తే అయిపోతుంది. నాకు ఇంకో మీటింగుంది."

బల్ల కింద ఆండ్రూ బూటు ఆమె చెప్పు మీద ఆనింది. నొక్కలేదు, ఊరికే ఆనింది. అక్కడున్నానని చెప్పడానికి.

"ఆ శుక్రవారం నేను ఆఫీసుకు రాలేదు మేడమ్," అంది ఇవాంజెలిన్.

వంశీధర్ తన ముందున్న కాగితం తిప్పాడు. "వచ్చావు కదమ్మా. కార్డు పడింది. లోపలికీ పడింది, బయటికీ పడింది."

"కార్డు వచ్చింది సార్. నేను రాలేదు."

బూటు ఇప్పుడు నొక్కింది. "ఎవా," అన్నాడు ఆండ్రూ. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఇంట్లో చుట్టాలున్నప్పుడు కూర మాడితే అలాగే పిలుస్తాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. చెప్పు అక్కడే ఉండిపోయింది.

"మరి ఎక్కడున్నావు?" అని అడిగింది మంజూష.

"నర్సింగ్ హోంలో. నాకు నాలుగో నెల. ఆ రోజు పోయింది. ఆడపిల్ల."

ఆ మాట మొదటిసారి బయటికి అనడం. గొంతు వణకలేదు. వణికితే బాగుండునేమో, వీళ్లు త్వరగా నమ్మేవాళ్లేమో అనుకుంది. వంశీధర్ కాగితాన్ని బోర్లించాడు. ఏం చేయాలో తోచక మళ్లీ తిప్పాడు. మంజూష కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఆండ్రూ వైపు చూసిన చూపు చాలాసేపు అక్కడే నిలిచింది.

"మేడమ్, గది మా పర్సనల్," అన్నాడు ఆండ్రూ. "ఆమె మనసు మంచిగ లేదు గప్పటిసంది. ఏం మాట్లాడుతుందో..."

"అయితే దీన్ని చూసిందెవరు?" అంది మంజూష.

ఇవాంజెలిన్ తెర వంక చూసింది. ఆమె పేరు అలాగే ఉంది. ఎవరో చెప్పులు విడిచి వెళ్లిన గుమ్మంలా ఉంది.

"ఎవరూ చూడలేదు మేడమ్," అంది. "అక్కడ నా పేరు తీసేయండి."

మంజూష తల అడ్డంగా ఊపింది. "ఒకసారి పడ్డ పేరు తీయడం కుదరదమ్మా. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కావాలంటే ఈ రికార్డు మళ్లీ తెరవొచ్చు. మళ్లీ మొదటి నుంచీ చూడాలి."

"ఒక్కటే వద్దు మేడమ్," అంది ఇవాంజెలిన్. "ఆ శుక్రవారం మొత్తం తెరవండి."